ముద్ర పడిన పొయ్యి

తిరుపతమ్మ బావి నుంచి తిరిగి వచ్చేసరికి పత్తి మిల్లు బాయిలర్ గది తలుపు మూసేశారు. గొళ్ళెం మీద బంకమట్టి ముద్ద, దాని మీద కొయ్య ముద్ర అచ్చు ఇంకా తడిగానే ఉన్నాయి.

"మా ఆయన యాడ?" అంది, బిందె దించకుండానే.

"లోపలే ఉండాడు తల్లీ. రాశి ఎవురిదైతే వాడు ముద్ర కాడ కూర్చోవాల గదా," అన్నాడు నబీ సాహెబ్.

ఆలూరులో ఏ కళ్ళంలో రాశి పోసినా, ఏ జొన్నల పాతర మూసినా ముద్ర వేసేది ఆయనే. ఆ ముద్ర చెదిరితే ఇక విచారణ ఉండదు. దగ్గర కూర్చున్నవాడే దొంగ. వాడు పొద్దు గుంకేలోగా ఊరు దాటాలి.

యుద్ధం వచ్చి మిల్లుకు బొగ్గు ఆగిపోయింది. యజమాని బొజ్జన్న కనిపించిన తుమ్మచెట్టల్లా కొట్టించి బాయిలర్‌లో తోయించాడు. ఇక కొట్టడానికి చెట్టు లేదన్నప్పుడు కడప నుంచి మహానంది దిగాడు, భార్యతో, ఒక రాగి డ్రమ్ముతో. అది తాను కనిపెట్టిన పొయ్యి అన్నాడు. పిడికెడు బొగ్గు వేస్తే లోపలున్న నల్లమల రాయి మేలుకొని బండెడు కట్టెల వేడి ఇస్తుందన్నాడు. కడపలో ఒక కాలేజీ అయ్యవారు అది జరగని పని అని నవ్వాడు. రాయచోటిలో ఒక వర్తకుడు దాని మీద సంత మొత్తానికి టీ కాచి పోశానని ఒట్టు పెట్టుకున్నాడు. ఆలూరులోనూ సగం మంది ఇటు, సగం మంది అటు. తగువు తెగడానికే ఈ పరీక్ష. సాయంత్రం దాకా డ్రమ్ము మీది గంగాళంలో నీళ్ళు మరుగుతూ ఉంటే మహానంది గెలిచినట్టు. ముద్ర చెదిరితే ఓడినట్టు.

"ముద్రలు యాడాడ వేసినారు సాబూ?"

"అన్నిట్నీ మూసినాము. బొగ్గు వేసే నోరు, మీ ఆయన తిప్పినాక కొళాయి, మూత, దాని అంచున పైన కన్నం."

తిరుపతమ్మ చంకలో బిందె జారింది. నీళ్ళు నబీ సాహెబ్ చెప్పుల మీదుగా పారాయి.

"పైన కన్నం కూడానా?"

"మీ ఆయన కూడా అదే అడిగె. కన్నం వదిలితే ఇంక ముద్రెందుకప్పా, పాతరకు కన్నం వదుల్తామా అంటి. అందరూ నవ్విరి. తుమ్మకొయ్య బిరడా దిగ్గొట్టి మట్టి మెత్తినాము. చీమ దూరదు."

ఆవిరి బయటికి పోవడానికి ఉన్న దారి అదొక్కటే. ఆమె కిటికీ దగ్గరికి పరుగెత్తింది. అక్కడ ఊచలు పట్టుకొని పదిమంది చూస్తున్నారు. వాళ్ళను తోసుకొని ముందుకు వెళ్ళింది. గది మధ్యలో డ్రమ్ము. దాని పక్కన బాసింపట్టు వేసుకొని మహానంది. గంగాళంలో నీళ్ళు అప్పుడే బుడగలు కడుతున్నాయి. డ్రమ్ము లోపలి నుంచి సన్నని కూత వస్తోంది. మూత కొంచెం ఉబ్బినట్టు కనిపించింది.

"నీళ్ళు తెర్లుతాండాయి!" అని కిటికీ దగ్గర ఎవరో కేక వేశారు. వాళ్ళ వెనకే నిలబడిన బొజ్జన్న మొహం వెలిగిపోయింది.

"ఇదిగో, నీకే చెప్తాండేది," అంది తిరుపతమ్మ ఊచల్లోంచి. "ఆ బిరడా పెరికెయ్."

మహానంది తల తిప్పలేదు. "ముద్ర ఉండాది."

"ఉంటే ఉండనీ."

"పెరికితే దొంగనైతా."

"పెరక్కుంటే పీనుగవైతావు!"

కిటికీ దగ్గర నవ్వులు పుట్టాయి. "ఏమప్పా మహానందీ, ఇంట్లో ముద్ర కూడా ఈయమ్మదేనా?" అన్నాడొకడు.

తిరుపతమ్మ బొజ్జన్న వైపు తిరిగింది.

"అన్నా, నల్లమల రాయీ లేదు, ఏమీ లేదు. దాన్నిండా ఉండేది కాల్చిన సున్నపు గడ్డలు. పొద్దున నేనే పగలగొట్టి నింపినా. కొళాయి తిప్పితే వాటి మీద నీళ్ళు పడతాయి. గోడలకు కొట్టే సున్నం కుండలో ఎట్ల కుతకుతలాడుతుందో మీకు తెల్దా? ఆ వేడే ఇది. ఆవిరి పోయే దారి మీరు మూసినారు. అది పగుల్తాది."

ఊచల దగ్గరున్నవాళ్ళు డ్రమ్ము వైపు మెడలు సాచారు. నీళ్ళు తగిలి సున్నం విరిగి ఉడకడం చూడనివాళ్ళు అక్కడ ఎవరూ లేరు. ఏటా పండగ ముందు ప్రతి వాకిట్లో జరిగేదే.

"అబద్ధం!" లోపలి నుంచి మహానంది అరిచాడు. "సున్నం మేలుకొలుపుకే. ఆ తర్వాత వేడి ఇచ్చేది రాయే. నేను కొలిచి చూసినా. సున్నానికి అంత వేడి రాదు. మే తిరుపతీ, నువ్వు నోరు మూసుకో!"

"విన్నావా?" అన్నాడు బొజ్జన్న ఊపిరి పీల్చుకుంటూ. "ఆయప్పే చెప్తాండాడు. ఆలుమగల కొట్లాటలు ఇంట్లో చూసుకో తల్లీ."

తిరుపతమ్మకు అప్పుడు అర్థమైంది. బొజ్జన్నకు బాయిలర్ తిరగాలి. ఈ కిటికీ దగ్గరున్న కూలీలకు మిల్లు కూత వినబడాలి. మహానందికి తన మాట నిలవాలి. నిజం అక్కడ ఎవరికీ పనికిరాదు.

డ్రమ్ము కూత మారింది. ఇప్పుడది సన్నగా లేదు. రాగి రేకు లోపల ఏదో టప్పున కొట్టుకుంది. మహానంది ఉలిక్కిపడి గోడ దాకా జరిగాడు. అయినా చెయ్యి బిరడా వైపు పోలేదు.

"సాబూ, నువ్వే వేస్తివి. నువ్వే తియ్," అంది తిరుపతమ్మ నబీ సాహెబ్‌తో.

ఆయన గడ్డం నిమురుకున్నాడు. ఆయన మొహంలో కూడా భయం కనిపించింది. "పొద్దు గుంకకముందు నా చేత్తో తీస్తే, రేపు ఈ ఊళ్ళో ఏ రాశికి నా ముద్ర ఆగుతుంది తల్లీ?"

ఇక ఆమె ఎవరినీ అడగలేదు. గోడకు ఆనించి ఉన్న గడ్డపార అందుకుంది. గొళ్ళెం మీద ఒక్కటే దెబ్బ. మట్టి ముద్దతో పాటు గొళ్ళెం ఊడిపడింది. జనం హాహాకారం చేసి వెనక్కి తగ్గారు. ఆ ఊళ్ళో ముద్ర మీద ఇనుము పడటం వాళ్ళెవరూ చూసి ఎరగరు.

లోపల కాలు పెట్టగానే వేడి మొహానికి కొట్టింది. మహానంది అడ్డం వచ్చాడు.

"వద్దే! సాయంత్రం దాకా... ఇంగ కొంచెమే!"

ఆమె అతని రొమ్ము మీద చెయ్యి వేసి తలుపు బయటికి నెట్టింది. గడ్డపార పొడవంత దూరంలో నిలబడి, దాని మొనతో బిరడాను పక్క నుంచి గట్టిగా పొడిచింది. కదల్లేదు. కొయ్య ఆవిరికి ఉబ్బి బిగిసిపోయింది. మళ్ళీ పొడిచింది. ఈసారి బిరడా లేచి పైకప్పు పెంకులు పగలగొట్టుకొని పోయింది. తెల్లటి చిక్కటి జావ ఫెళ్ళున ఎగిరి గోడలను, గంగాళాన్ని, ఆమె కుడిచేతిని ముంచెత్తింది.

ఆవిరి తగ్గాక చూస్తే గది అంతా సున్నం కొట్టినట్టుంది.

నబీ సాహెబ్ భార్య హుస్సేన్ బీ ఆమె చేతిని కడిగి, నూనె రాసి గుడ్డ చుట్టింది. "అల్లా, తోలంతా లేసొచ్చిందే," అని ఏడ్చింది. బయట మిల్లు వాకిట్లో మాత్రం తగువు తెగలేదు.

"సున్నమే గదప్పా, కండ్లతో చూస్తిమి గదా."

"సున్నం మేలుకొలుపుకేనని ఆయప్ప ముందే చెప్పె. ఆయమ్మ పగలగొట్టకుంటే తెలిసుండు."

"అవునవును. కూత ఎంత బాగొచ్చె!"

నబీ సాహెబ్ తల వంచుకొని తీర్పు చెప్పాడు. ముద్ర కాడ కూర్చున్నవాడు, దాన్ని పగలగొట్టిన ఆమె, ఇద్దరూ పొద్దు గుంకేలోగా ఊరు దాటాలి. బొజ్జన్నే గుంతకల్లుకు బండి కట్టించాడు. డ్రమ్మును పైపైన తుడిపించి బండిలో పెట్టించాడు కూడా. మహానందిని పక్కకు పిలిచి మెల్లగా అడిగాడు.

"నిజం చెప్పప్పా. అది పని చేసుండునా?"

"ఇంగ కొంచెం సేపుంటే చేసేది," అన్నాడు మహానంది. "రాగి మెత్తన. ఈసారి ఇనుముతో, దీనికి మూడింతలు చేపించుకోనొస్తా. ముద్ర ఎంత బిగించి వేసుకుంటావో వేసుకో. గింజుకున్నా పగల్దు."

తిరుపతమ్మ ఆ మాట విన్నది. బండి చక్రం మీద పెట్టిన కాలు దించేసింది.

"దాన్ని దింపు," అంది.

"ఏందే?"

"డ్రమ్మును దింపు. ఈ బండిలో అదైనా రావాల, నేనైనా రావాల."

మహానంది నవ్వబోయాడు. ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "నీకు తెల్దు తిరుపతీ. నేను కొలిచి చూసినా."

"మళ్ళా గడ్డపార ఎత్తేదానికి నాకు ఒక చెయ్యే మిగిలింది," అంది. "ఇనుము ముందర అది చాలదు."

బండివాడు పగ్గాలు పట్టుకొని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మహానంది అరచెయ్యి డ్రమ్ము మీదనే ఉంది. లోపలి వేడి ఇంకా చల్లారలేదు కాబోలు, వేళ్ళు మెల్లగా దాన్ని తడుముతున్నాయి.

తిరుపతమ్మ ఆ వేళ్ళను చూసింది. తర్వాత గుడ్డ చుట్టిన చేతిని రొమ్ముకు ఆనించుకొని, గుంతకల్లు దారిన నడక మొదలుపెట్టింది.