ఇంటి ముందరి సమాధి

"ఎముకల కోసం వచ్చే ఆ జపానువాళ్ళకి అన్నం పెడతాను. సమాధి జోలికి మాత్రం రానివ్వను," అంది అత్తయ్య. పొద్దుటి నుంచీ ఇదే మాట.

"అందులో ఉన్నది నాన్న కాదమ్మా," అన్నాడు నా భర్త పెల్హౌలియే. "నాన్నకి బంగారు పన్నెక్కడిది?"

"అప్పటికి నీకసలు పళ్ళే రాలేదు. మీ నాన్న పళ్ళ సంగతి నువ్వా నాకు చెప్పేది?"

నవ్వు దాచుకోడానికి పొయ్యి వైపు తిరిగాను.

రెండో ప్రపంచ యుద్ధం మా కోహిమా కొండలకు వచ్చినప్పుడు మా ఆయన చంటివాడు. జపాను సైన్యం బర్మాలోని చింద్విన్ నది దాటి, అడవుల గుండా నడిచి వచ్చింది. తెచ్చుకున్న బియ్యం అయిపోయాక వెనక నుంచి వాళ్ళకేమీ రాలేదు. ఎదురు నిలిచిన తెల్లవాళ్ళకు విమానాలు తిండి జారవిడిచేవి. ఒకే గుట్ట మీద ఇద్దరూ ఎదురెదురుగా గోతులు తవ్వుకుని వారాల తరబడి కొట్టుకున్నారు. వానలు పట్టాక జపానువాళ్ళు వెనక్కి మళ్ళి, ఆకలితో, జ్వరాలతో దారి పొడుగునా రాలిపోయారు.

మామయ్య తెల్లవాళ్ళ క్షతగాత్రులను మోయడానికి వెళ్ళి మళ్ళీ రాలేదు. బిడ్డతో అడవిలో దాక్కున్న అత్తయ్య తిరిగి వచ్చేసరికి ఇల్లు సగం కాలి ఉంది. లోపల ఒక శవం. ముఖం ఆనవాలు లేదు కానీ, మీద కప్పి ఉన్నది ఆమె మామయ్యకు నేసిన శాలువా. మా ఊరి ఆడవాళ్ళు తమ నేత విషయంలో పొరబడరు. ఆనవాయితీ ప్రకారం ఇంటి ముందే పూడ్చింది. నిరుడు వానలకు రాయి కుంగితే సరిచేస్తున్నప్పుడు ఆ బంగారు పన్ను బయటపడింది. అప్పట్లో మా కొండల్లో బంగారు పళ్ళు జపాను సైనికులకే ఉండేవి; ఎవడో ఇంట్లో దొరికిన శాలువా కప్పుకుని ఉంటాడు.

అది మామయ్య కాదంటే, ఆయన అడవిలోనే పోయినట్టు. అలాంటి చావు అరిష్టమని, అలా పోయినవాళ్ళకు ఊళ్ళో చోటుండదు. ఊరి ద్వారం బయట ఒక రాయి నిలబెడతారు, అంతే. చర్చికి వెళ్ళడం మొదలుపెట్టాక కూడా అత్తయ్య తరం ఆ భయం వదల్లేదు.

మధ్యాహ్నం ఒకుజిమా అనే ముసలాయన కుంటుకుంటూ వచ్చాడు. ఒకప్పటి జపాను సైనికుడు, తనవాళ్ళ ఎముకల కోసం ఊరూరా తిరుగుతున్నాడు. వెంట మా భాష తెలిసిన కుర్రాడు. భోజనంలో పంది మాంసం తిని, వెదురు మొలకలు పక్కకు తీసి పెట్టాడు.

"అప్పట్లో ఇవే తిని బతికారట. ఇక మింగుడు పడవట," అన్నాడు కుర్రాడు.

"మా పెరట్లో దొంగిలించినవే అయ్యుంటాయి," అంది అత్తయ్య.

కుర్రాడు తటపటాయిస్తూనే ఆ మాట ఆయనకు చెప్పాడు. ముసలాయన తల వంచాడు. "అయ్యుండొచ్చంటున్నారు," అన్నాడు కుర్రాడు.

అత్తయ్య ఆయన గిన్నెలో మరికాస్త మాంసం వేసింది. "ఇంటికి రానివాళ్ళకి మీరేం చేస్తారు?"

"సర్కారు అస్థికలని చెప్పి ఒక పెట్టె పంపేదట. ఈయన స్నేహితుడి తల్లి తెరిచి చూస్తే లోపల గులకరాయి ఉందట. దాన్నే పూడ్చిందట."

"ఊరి లోపలా, బయటా?"

కుర్రాడు అడిగి చెప్పాడు. "లోపలే. వాళ్ళ నాన్న పక్కన."

అత్తయ్య లేచి గిన్నెలు తీసింది. సాయంత్రం దాకా మగ్గం దగ్గర కూర్చుంది గానీ, ఒక్క వరస కూడా నేయలేదు.

రాత్రి భోజనానికి అందరం కూర్చున్నాక, పిల్లలకు కూర వడ్డిస్తూ చెప్పింది.

"రేపు సమాధిలోని వాళ్ళ పిల్లాణ్ణి వాళ్ళకిచ్చెయ్యండి. ఆ గుంటలో మీ నాన్న పేరు చెప్పి ఒక రాయి పూడుద్దాం. ఊరి బయట కాదు, ఇక్కడే. పెద్దలెవరైనా అడిగితే నా దగ్గరికి పంపండి."