ఎడమ తలుపు మీద సొట్ట

నా కారుకి పద్దెనిమిదేళ్ళు. ముందు బంపరు ఒక కొస ఇనప తీగతో కట్టి ఉంటుంది. కుడి హెడ్‌లైటు కింద రంగు లేచిపోయి రేకు బయటపడింది. వెనక ఎడమ తలుపు మీద గిన్నె బోర్లించి గుద్దినంత సొట్ట. ఇంజను మాత్రం గుండ్రాయి. బ్రేకులు ఆరు నెలలకోసారి నేనే దగ్గరుండి చూపిస్తాను. ఇంక బండికి కావాల్సిందేముంది?

ఆ సొట్టలు నేను చేసినవి కావు. నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్న ఆడవాళ్ళు చేసినవి. పదకొండేళ్ళుగా నేర్పుతున్నాను. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, ఫ్యాక్టరీలో షిఫ్టులు తిరిగేవాళ్ళు, మొగుడి కారులో పక్క సీటు తప్ప ఎరగనివాళ్ళు వస్తారు. పెద్ద డ్రైవింగ్ స్కూళ్ళలో తళతళలాడే బండి చూడగానే వీళ్ళలో సగం మందికి చేతులు వణుకుతాయి. నా బండి చూసి ఎవరూ వణకరు. "భయపడకు, కొత్తగా పాడవడానికి ఇందులో ఏమీ మిగల్లేదు" అని చెప్పి తాళం చేతికిస్తాను.

సోమవారం మధ్యాహ్నం లైసెన్సు ఆఫీసుకి వెళితే గోడ మీద కొత్త కాగితం. పరీక్షకు తెచ్చే వాహనాల బాడీపై సొట్టలు, తుప్పు, రంగు ఊడిన భాగాలు ఉండరాదు. కింద సంతకం, ముద్ర.

"ఏం బాబూ, సొట్టొచ్చి బ్రేకు తొక్కుతుందా?" అని కిటికీలోంచి గుమాస్తాని అడిగాను.

"నన్నడిగితే ఏం లాభమండీ. పైనుంచి వచ్చింది."

"పైనుంచి వానా వస్తుంది. దానికైనా ఒక వేళాపాళా ఉంటుంది."

"ఇన్‌స్పెక్టరు గారి ఇష్టమండీ. చూసి సరేనంటే సరే. వద్దంటే మళ్ళీ తేదీ రెణ్ణెల్ల తర్వాతే."

రెణ్ణెల్లు ఆగే వీల్లేదు. గురువారం పరీక్ష ఉన్నది దుప్పట్ల వదినకి.

ఆమెకీ నాకూ ఏ చుట్టరికమూ లేదు. ఆమె నన్ను వదినా అంటుంది, నేనూ ఆమెని వదినా అంటాను. ఆస్పత్రి లాండ్రీలో పంతొమ్మిదేళ్ళుగా తడి దుప్పట్లు ఎత్తి ఎత్తి కుడి భుజం పోగొట్టుకుంది. ఇంకా బరువులెత్తితే ఆ చెయ్యి పైకి లేవదని అక్కడి డాక్టరే చెప్పాడు. బట్టలు తీసుకెళ్ళే వ్యాను డ్రైవరు నెలాఖరుకి మానేస్తున్నాడు. ఎక్కించడానికీ దించడానికీ వేరే మనుషులుంటారు, డ్రైవరు నడిపితే చాలు. సూపర్‌వైజరు ఒకటే మాట అన్నాడు. శుక్రవారం లోపు లైసెన్సు తెస్తే వ్యాను నీది, లేదంటే బయటివాణ్ణి పెట్టుకుంటాం, నువ్వు దుప్పట్లే ఎత్తు. ఎత్తలేకపోతే ఇంట్లో కూర్చో. పంతొమ్మిదేళ్ళ చాకిరీకి దక్కిన మర్యాద అది.

ఆఫీసు నుంచి నేరుగా మా తమ్ముడి షెడ్డుకి వెళ్ళాను. మా వీధి చివరే. సొట్టలు తీసి రంగులేసే పని వాడిది. పదకొండేళ్ళుగా నా కారు చూసి ఏడుస్తూనే ఉన్నాడు.

"అక్కా, దీన్ని నా షెడ్డు ముందు ఆపకే. వచ్చినవాళ్ళు నా పనే అనుకుంటారు."

"నీ దగ్గరికి రాకపోతే ఇలా ఉంటుందని చూపించే బోర్డు అనుకోరా."

"వెటకారానికేం తక్కువ లేదు. బుధవారం సాయంత్రానికి ఇచ్చేస్తా. సొట్ట లాగి, పుట్టీ పెట్టి, రంగు కొట్టి. నాకేమీ ఇవ్వక్కర్లేదు. దీన్నిలా చూడలేక చస్తున్నా."

"వద్దు. రేకు నున్నగా ఉంటేనే డ్రైవింగ్ వచ్చినట్టని రాసినవాడికి బుద్ధి రావాలి. సొట్టలతోనే పోతా. ఆపితే అక్కడే కూర్చుంటా."

"కూర్చుంటావు. కూర్చోడంలో నిన్ను మించినవాళ్ళు లేరు. పరీక్ష నీకా, ఆవిడకా?"

కనీసం బంపరు తీగైనా మారుస్తానని వాడు బండిని లోపల పెట్టాడు. అంతలో వదిన రానే వచ్చింది. అప్పుడే డ్యూటీ దిగింది, చేతులు ఇంకా సబ్బు వాసనేస్తున్నాయి. క్లాసు టైము. "గంటసేపు నా కారు తీసుకుపోండి" అని తమ్ముడు తాళం ఇచ్చాడు. ఇచ్చాక వాడి మొహం చూడాలి, పిల్లని మొదటిరోజు బడిలో వదిలినట్టు.

మూతపడ్డ గోడౌను వెనక సిమెంటు నేల ఉంది. అక్కడ సుద్దతో గీతలు గీసి, నాలుగు మూలలా కర్రలు నిలబెట్టి, కారుని వెనక్కి పెట్టడం నేర్పుతాను. పరీక్షలో అసలు కష్టం అదే. వదిన రెండు వారాలుగా ఒక్క కర్ర కూడా పడకుండా పెడుతోంది. ఆ రోజు మొదటిసారే కర్ర పడింది. రెండోసారి రెండు పడ్డాయి. మూడోసారి కారు గీతలకి అడ్డంగా, మంచం మీద పిల్లాడు పడుకున్నట్టు ఐమూలగా ఆగింది. తమ్ముడి కారులో నా వైపు బ్రేకు లేదు. ఉత్త పట్టా మీద కాలితో తొక్కి తొక్కి పిక్క పట్టేసింది.

"ఏమైంది వదినా? పొద్దున్నించీ ఏమీ తిన్లేదా?"

"కనబడట్లేదు వదినా."

"ఏం కనబడట్లేదు? అద్దం తిన్నగానే ఉందిగా."

"అద్దం ఉంది. సొట్టేదీ?"

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. పక్క అద్దంలో ఆ సొట్ట గీత మీదికి రాగానే స్టీరింగు పూర్తిగా తిప్పెయ్యి అని చెప్పింది నేనే. ఎన్నేళ్ళ కిందటో ఒకామెకి ఎంత చెప్పినా ఎక్కకపోతే, విసుగొచ్చి అలా చెప్పాను. పనిచేసింది. తర్వాతామెకీ అదే చెప్పాను. ఆ తర్వాత అందరికీ అదే. పరీక్ష బండికి నేర్పేవాళ్ళ వైపు కూడా బ్రేకు ఉండాలని రూలు కాబట్టి అందరూ నా కారులోనే పరీక్షకి వెళ్ళారు. అందరూ పాసయ్యారు. నేను గొప్ప టీచర్నని తిరిగాను.

"చూశావా? ఇంక ఆ సొట్టని ముట్టుకునే మాటే లేదు" అన్నాను. వదిన వంగి పడిపోయిన కర్రలు ఎడమచేత్తో ఏరుకుంది.

సాయంత్రం నా దగ్గర నేర్చుకున్నవాళ్ళ నంబర్లున్న నోటుపుస్తకం తీసి ఫోన్లు మొదలుపెట్టాను. గురువారం తొమ్మిదింటికి ఆఫీసు గేటు దగ్గరికి రండి, కార్లున్నవాళ్ళు కార్లు తెండి, వరసగా నిలబెడదాం, ఎవడాపుతాడో చూద్దాం. మొదటామె వెంటనే వస్తానంది. "కారు మాత్రం తేలేను టీచరమ్మా. నడుపుతాను గానీ ఎక్కడికెళ్ళినా బండి వెనక్కి పెట్టేది మా ఆయనే." రెండో ఆమె నాలుగేళ్ళ నుంచి స్టీరింగు ముట్టలేదట. మూడో ఆమె పకపకా నవ్వింది. "మా బండికి సొట్ట లేదుగా టీచరమ్మా!" హాస్యానికే అంది. నాకు నవ్వు రాలేదు. ఏడుగురికి చేస్తే ఐదుగురిది ఇదే కథ. ఎనిమిదో నంబరు నొక్కబోయి ఫోను పక్కన పడేశాను.

కూర్చోబుద్ధి కాలేదు. తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. గుమ్మం దాకా వెళ్ళడం, రావడం. చివరికి ఒక అట్టముక్క తెచ్చి నల్లరంగుతో రాశాను. "రేకు చూసి కాదు, చెయ్యి చూసి పాస్ చెయ్యండి." అక్షరాలు పలచగా ఉన్నాయనిపించి మళ్ళీ దిద్దాను. మళ్ళీ దిద్దాను.

మంగళవారం పొద్దున్నే వదిన డ్యూటీకి పోతూ ఇంటికొచ్చింది. గోడకి ఆరేసిన అట్ట చూసింది.

"ఇదేంటి?"

"గురువారానికి. పదిమందైనా వస్తారు. ఆపనీ, వాడి సంగతి చూద్దాం."

"ఆపితే?"

"గేటు దగ్గర కూర్చుంటాం. పేపరువాళ్ళని పిలుస్తా."

"ఎన్నాళ్ళు?"

"తేలేదాకా."

"శుక్రవారం లోపు తేలుతుందా?"

వదిన చేతిసంచీ ఎడమ భుజం మీదికి ఎగేసుకుంది.

"ఆ కాగితం తప్పే. కాదనను. వచ్చేవారం కూర్చో, నేనూ పక్కనే కూర్చుంటా. కానీ నా భుజం మీద మాత్రం కూర్చోకు వదినా. అది ఇప్పటికే పోయింది."

నాకు ఒళ్ళు మండింది. "పదకొండేళ్ళు నేనెవరి కోసం..." అని అందుకున్నాను.

"తెలుసు. నాకు ఎనిమిదింటికి డ్యూటీ, సగంలో ఆపుతున్నానని ఏమనుకోకు. సొట్ట తీయించు."

"సొట్ట లేకపోతే నువ్వు పెట్టలేవు తల్లీ! నిన్న మూడుసార్లు చూశాంగా!"

"ఆస్పత్రి వ్యాను కూడా చూశా. నిన్న పోయి చుట్టూ తిరిగొచ్చా. ఎడమపక్క నున్నగా ఉంది. దానికేం చేస్తావు? నువ్వొచ్చి గుద్దిపెడతావా?"

నవ్వొచ్చింది. నవ్వినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. అప్పుడు ఆ ఏడుగురి సంగతి ఆమెకి చెప్పాను. చెప్పకుండా ఉందామనే అనుకున్నాను, ఆగలేకపోయాను. వదిన నా మొహంలోకి చూడకుండా చెప్పులేసుకుంది.

"వాళ్ళ సంగతి తర్వాత చూద్దువు. ముందు నాకు నేర్పు. నాకు రెండ్రోజులే ఉన్నాయి."

షెడ్డు ముందు బండి ఆపి ఇంజను కట్టెయ్యకుండా పది నిమిషాలు కూర్చున్నాను. లోపలికి పోనిస్తే ఆ కాగితం గెలిచినట్టే. రేపు మరో పాత బండిని ఆపితే ఏ మొహం పెట్టుకుని అడుగుతాను? పోనివ్వకపోతే వదిన మళ్ళీ తడి దుప్పట్ల కిందికి పోతుంది. ఈ రెండింటి కింద అసలు భయం ఇంకోటి దాగుంది. ఆ సొట్ట పోతే కారు వెనక్కి ఎలా పెట్టాలో నేర్పడం నాకు రాదు. ఇన్నేళ్ళూ నేర్పింది ఆ సొట్టే.

తమ్ముడు బయటికొచ్చి కిటికీ మీద తట్టాడు. "లోపలికి తెస్తావా, నన్నే సుత్తి పట్టుకుని రోడ్డు మీదికి రమ్మంటావా?"

తాళం వాడి చేతిలో పడేశాను. వాడు తలుపు లోపలి అట్ట విప్పి, వెనకనుంచి చెక్క సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. చూడలేక అవతలికి పోయాను. వినబడుతూనే ఉంది.

ఆ రోజూ మర్నాడూ వదిన డ్యూటీ దిగి షెడ్డుకే వచ్చింది. పని పూర్తయి తీసుకెళ్ళడానికి సిద్ధంగా ఉన్న కార్లలో మూడింటిని తమ్ముడు మాకిచ్చాడు. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది, ఒకటి ఎత్తుది. ఇచ్చి ఊరుకోలేదు. బండికీ గోడకీ మధ్య రెండు చేతులూ అడ్డం పెట్టి పరిగెత్తాడు. "అమ్మా, మెల్లగా! అది నిన్న కొట్టిన రంగమ్మా!"

"ఇప్పుడు తిప్పు" అంటాను. "ఇప్పుడంటే ఎప్పుడు?" అంటుంది. ఎప్పుడో నాకే తెలీదు. చివరికి ఆమెని దింపి నేనెక్కి, వెనక్కి పెడుతూ నన్ను నేనే గమనించుకున్నాను. మెడ దానంతట అదే తిరుగుతోంది. ఇరవైరెండేళ్ళుగా నడుపుతున్నాను, నా మెడ తిరుగుతుందన్న సంగతి నాకు తెలీదు. అద్దం కాదు, మెడ తిప్పి చూడు అన్నాను. తిప్పింది. భుజం పట్టి లాగేసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన పక్క కిటికీ దించి, తల బయటికి పెట్టి, ఆ వైపు గీత చూసుకుంటూ వెనక్కి పోనిచ్చింది. నేను చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. కారు గీతల మధ్యకి పోయింది. బుధవారం చీకటి పడేసరికి పదిసార్లలో ఆరుసార్లు వచ్చింది. తక్కిన నాలుగుసార్లు ఎందుకు రాలేదో ఆమెకీ తెలీదు, నాకూ తెలీదు.

గురువారం. కారు కొత్త రంగు వాసన కొడుతోంది. ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బండి వైపు చూడనైనా లేదు. ఎడమ తలుపు చూడలేదు, బంపరు చూడలేదు. ఫోను చూసుకుంటూ పక్క సీట్లో కూలబడ్డాడు. కాగితం అంటించింది మీరే కదండీ, చూడరేం అని అడగడానికి నోరు తెరిచాను. స్టీరింగు ముందు కూర్చున్న వదిన అద్దంలోంచి, వెనక తలుపు దగ్గర నిలబడ్డ నా వైపు చూసింది. నోరు మూసుకున్నాను. అంతకన్నా కష్టమైన పని ఈమధ్య చేసినట్టు గుర్తు లేదు.

నన్ను కంచె బయటే నిలబెట్టారు. మొదటిసారి వెనక టైరు కర్రకి తగిలింది. కర్ర ఊగింది, పడలేదు. అయినా ఇన్‌స్పెక్టరు వేలు చూపించాడు, ఇంకొక్కసారే అని. నేను కంచె తీగ పట్టుకుని అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. వదిన బండి ముందుకు తెచ్చింది. కిటికీ దించింది. తల బయటికి పెట్టింది. లోపల ఇన్‌స్పెక్టరు చెయ్యి ఊపుతూ ఏదో అన్నాడు. ఆమె తల లోపలికి తీసి ఏదో జవాబు చెప్పి, మళ్ళీ బయటికి పెట్టింది. బండి వెనక్కి కదిలింది, ఆగింది, కొంచెం ముందుకొచ్చింది, మళ్ళీ వెనక్కి పోయింది. గీతల మధ్య నిలబడింది. కాస్త ఎడమకి ఒరిగి, అయినా గీతల మధ్యే.

ఆయన సంతకం పెట్టాడు. వదిన కాగితం ఊపుకుంటూ బయటికొచ్చింది.

"లోపల ఏమన్నాడు?"

"తల బయట పెట్టకూడదన్నాడు. రూల్లో ఎక్కడుందో చూపించండి సార్ అన్నా."

"చూపించాడా?"

"ఏదీ, ఫోను మోగింది." అప్పటికే నడక మొదలెట్టేసింది. "సూపర్‌వైజరు పన్నెండింటికి పోతాడు వదినా, దొరకడు మళ్ళీ!"

"ఆగు, దింపుతా! ఆ కాగితం సంగతి చూడాలి, వచ్చేవారం కూర్చోవాలి, ఆ ఐదుగుర్నీ మళ్ళీ పిలవాలి, నువ్వూ వచ్చి ఆ కిటికీ సంగతి వాళ్ళకి..."

నాకు చెప్పాల్సింది ఇంకా సగం ఉంది. ఆమె అప్పటికే రోడ్డు దాటేసింది.