మెట్లు లేని ఇల్లు

గోడ పగులుతున్న చప్పుడు వీధిలోకి వినిపించింది. మెర్ల్ స్ట్రౌడ్ ట్రక్కు దిగి లోపలికి పరుగెత్తాడు.

రేపటినుంచి ఆ ఇల్లు అతనిది కావాలి. యజమాని డ్యూయేన్ కెట్లర్ వాయిదాలు కట్టలేక చేతులెత్తేశాడు. బాకీకంటే తక్కువకే అమ్ముకోనివ్వడానికి బ్యాంకు ఏడు నెలలు తిప్పించి ఒప్పుకుంది. అమ్మేవాడికి ఒక్క డాలరు ముట్టకూడదని కాగితంలో రాసింది. ఆ ఏడు నెలలూ మెర్ల్ తన భార్య లొరెట్టాను ఎత్తుకునే తాముంటున్న ట్రైలరు ఇంటి మెట్లు ఎక్కించాడు, దించాడు. ఆమె చక్రాల కుర్చీ ఆ తలుపులో పట్టదు. మొడెస్టో ఊరంతా గాలించినా వాళ్ల తాహతుకు మెట్లు లేని ఇల్లు ఇదొక్కటే దొరికింది.

వంటగదిలో డ్యూయేన్ సమ్మెటతో గోడ కూలగొడుతున్నాడు. సింకు రెండు ముక్కలై నేలమీద పడి ఉంది.

"ఆపవయ్యా! రేపే కదా సంతకాలు!"

"రేపటిదాకా నాదే. నా గోడ నేను కొట్టుకుంటా. నీకేం నొప్పి?"

"నీకు నేనేం చేశాను?"

"ఏం చేశావా? మొన్న ఆదివారం మేం భోంచేస్తుంటే టేపు పట్టుకొచ్చావు. పలకరింపు లేదు, పాడు లేదు. నా బాత్రూము తలుపు కొలుచుకుని పోయావు. నా పెళ్లాం ముద్ద నోట్లో పెట్టుకునే ఏడ్చింది. బతికుండగానే నాకు శవప్పెట్టె కొలిచావు కదరా!"

ఆ రోజు మెర్ల్‌కు కుర్చీ వెడల్పు తప్ప ఇంకేమీ కనబడలేదు.

సమ్మెట పైకి లేచింది. మెర్ల్ దాని కర్ర పట్టుకున్నాడు. డ్యూయేన్ తలతో అతని మూతి మీద కుమ్మాడు. రెండు పళ్లు రాలాయి. మెర్ల్ గుద్దిన గుద్దుకు డ్యూయేన్ ముక్కు పక్కకు తిరిగింది. ఇద్దరూ సింకు పెంకుల మీద పడ్డారు. డ్యూయేన్ ముందు లేచి బూటు మడమతో మెర్ల్ కుడిచెయ్యి తొక్కాడు. వేళ్లు పటపటా విరిగాయి. ఎడంచేతికి దొరికిన గొట్టం ముక్కతో మెర్ల్ వాడి మోకాలు చితక్కొట్టాడు. వాడు అరుస్తూ కూలబడ్డాడు. మెర్ల్ వాడి గుండెల మీద కూర్చుని మోచెయ్యి గొంతుకు అడ్డంపెట్టి నొక్కాడు. మొహం నల్లబడేదాకా నొక్కాడు.

బయట పోలీసు కారు కూత పెట్టింది. పొరుగువాళ్లెవరో ఫోను చేసినట్టున్నారు.

మెర్ల్ మోచెయ్యి తీసేశాడు.

"ఈ గొడవ కాగితానికెక్కితే బ్యాంకు మాట వెనక్కి తీసుకుంటుంది. ఇల్లు వేలానికి పోతుంది."

"పోనీ. నాకు లేనిది నీకెందుకు?"

"ఆమెనింక ఎత్తలేను డ్యూయేన్. నడుం పోయింది. సోమవారం మెట్ల మీద జారవిడిచాను." మెర్ల్ నోట్లోని నెత్తురు ఉమ్మాడు. "పలకరించకుండా కొలిచాను. తప్పే."

గుమ్మంలో పోలీసామె నిలబడింది. "ఏంటీ నెత్తురు?"

మెర్ల్ డ్యూయేన్‌కేసి చూశాడు. డ్యూయేన్ తను పగలగొట్టిన గోడకేసి చూశాడు.

"సింకు పడింది," అన్నాడు. "ఇద్దరిమీదా."

"మెడ కూడా సింకే పిసికిందా?"

"బరువైన సింకు మేడమ్."

ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసి పుస్తకం మూసింది. "ఆస్పత్రికి తగలడండి. వేరే వేరే బళ్లల్లో."

ఆమె వెళ్లగానే డ్యూయేన్ గోడ పట్టుకుని లేచాడు. కుంటుతూ పోయి, సమ్మెటతో ముందుగది కిటికీ అద్దం పగలగొట్టి, సమ్మెట అక్కడే పారేసి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు, డ్యూయేన్ సంతకం చేసిన కాగితాలు ముందుపెట్టి, మెర్ల్ చేతి కట్టుకేసి చూసింది. "ఇల్లు చూసుకున్నారా? ఉన్నది ఉన్నట్టు తీసుకుంటున్నట్టేనా?"

"తీసుకుంటున్నా," అన్నాడు వాచిన మూతితో. ఎడంచేత్తో సంతకాలు పెట్టడానికి గంట పట్టింది.

మధ్యాహ్నం లొరెట్టా కుర్చీని గుమ్మం దాటించాడు. చక్రాల కింద గాజుపెంకులు నలిగాయి.

"ఏంటిది మెర్ల్? ఇక్కడేమన్నా యుద్ధం జరిగిందా?"

"చిన్నదేలే," అని అతను చీపురుకోసం వెతికాడు.