నీలం గీత బూట్లు

నా భార్య జమ్ములమ్మకు చక్కెర జబ్బు. పాదాలకు స్పర్శ పోయింది. గద్వాల దవాఖానలో డాక్టరమ్మ నాతో ఒకటే చెప్పింది.

"చెప్పులు వద్దు. కాలంతా మూసే మెత్తటి బూట్లు కొనియ్యి. పుండు పడితే కాలు పోతది."

మేమిద్దరం ఎన్నడూ బూట్లు తొడగలేదు.

అయిజలో వెంకటన్న చెప్పుల దుకాణానికి పోయాం. చీలమండ దాటేవి చీర కుచ్చిళ్లకు అడ్డమని ఆమె పొట్టివి అడిగింది. తెల్లవి, పక్కన నీలం గీత.

"ఏందయ్యా, ముసల్దాన్ని పరుగుపందేనికి పంపుతవా?" అని నన్ను అడిగింది.

"పంపుత. ఊకో."

వెంకటన్న ఎడమ బూటులోంచి కాగితం ఉండ తీసి పారేసి, ఆమెకు తొడిగాడు.

"కరుస్తుందా అవ్వా?"

"లేదు బిడ్డా. దూదిలెక్క ఉంది."

కుడిది అట్లే సంచిలో పెట్టి ఇచ్చాడు. ఆరు నూర్లు. రెండేళ్లు ఆగుతాయన్నాడు.

ఆదివారం చర్చికి బయలుదేరాం. నల్ల సాక్సుల మీద ఎడమది ఎక్కింది. కుడిది ఎక్కలేదు. నేనే మడమ పట్టి నెట్టాను. కొత్తది కదా, సాగుతుందనుకున్నాను.

చర్చి ముందర పక్కింటి కాంతమ్మ ఆపింది.

"ఈ వయసుల గిదేం సోకే!"

"మా ఆయన కొన్నడు. నీకు కుళ్లు" అని జమ్ములమ్మ చీర జర ఎత్తి చూపింది.

వారం రోజులు అవే తొడిగింది. రోజూ నేనే నెట్టి తొడిగాను.

ఎనిమిదో రోజు కుడికాలి సాక్సు వేలికి అంటుకుని రాలేదు. బొటనవేలు నల్లబడింది. బూటు దులిపాను. కాగితం ఉండ పడింది. రాయిలా గట్టిగా ఉంది. దాని మీద నెత్తురు ఎండింది.

దాన్ని జేబులో పెట్టుకున్నాను. ఆమెకు చెప్పలేదు.

దవాఖానలో ముందు వేలు తీశారు. తర్వాత కాలే మోకాలి కింద దాకా తీశారు.

"బూట్లు మంచియే బిడ్డా, నా కాలే పాడు" అని నర్సుకు ఆమెనే చెప్పింది. నేను కిటికీ దిక్కు చూశాను.

ఇంటికొచ్చాక ఎడమది తొడుగుతున్నాను. ముందు లోపల వేళ్ల కొస దాకా చెయ్యి పెట్టి చూస్తాను.

"ఏం దేవులాడుతున్నవ్?"

"ఏం లేదు."

నిన్న కాంతమ్మ వచ్చింది. ఆమె పెనిమిటికీ చక్కెరే.

"అక్కా, నీ బూట్లు ఎట్లున్నయి? మా ఆయనకు గూడ గవే కొందామని."

"చూపుకు బాగున్నయి. మెత్తగున్నయి. ఆరు నూర్లకు గిట్లాంటియి యాడ దొరుకుతయి? కొను."

కాంతమ్మ లేచింది. నేను ఉండలేకపోయాను.

"కాంతమ్మా, రెండిట్ల చెయ్యి పెట్టి చూడు. ముందర కాగితం ఉంటది. కుడిదాంట్ల నేను చూడలే."

కాంతమ్మ గడప దాటింది. జమ్ములమ్మ నా దిక్కు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఎడమకాలు చీరలోకి లాక్కుంది.

ఇవాళ పొద్దున నేను బూటు తేబోతే ఆమె అప్పటికే దగ్గరికి లాక్కుంది. లోపల చెయ్యి పెట్టి చూసుకుంది. తనే తొడుక్కుంది.