నీళ్ళ పరీక్ష

టాపుల మేస్త్రీ అని అందరూ పిలిచే ఆ మనిషి పుట్టి బుద్ధెరిగాక ఒక్క కారు టాపు కూడా కుట్టలేదు. కుట్టేది అతని పెళ్ళాం. పేరు ఒకరిది, సూదిపోట్లు ఇంకొకరివి.

టాపు తెరుచుకునే కార్లకు అతని షెడ్డే దిక్కు. రేకు టాపైతే ముక్కలుగా మడుచుకుని డిక్కీలోకి దిగిపోతుంది, సూదితో పనిలేదు. నడినెత్తి పలక ఒక్కటే ఊడదీసే కార్లుంటాయి. వాటికి రబ్బరు అంచులు మారిస్తే చాలు. గుడ్డ టాపులు మాత్రం ఆమె ఒళ్ళోకి రావాల్సిందే. "తడి గుడ్డ మడవకండి సార్, లోలోపలే కుళ్ళిపోతుంది" అని మేస్త్రీ కార్లవాళ్ళకు గొప్పగా చెప్పే మాట కూడా ఆమె చెప్పిందే.

పెళ్ళైన కొత్తలో అతనొక మాటిచ్చాడు. "నువ్వు కుట్టిన టాపు తీసేసి, నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని గాల్లో తిప్పుతా చూడు." ఆ మాట పట్టుకునే ఆమె ఇన్నేళ్ళూ కుట్టింది. అడిగినప్పుడల్లా ఏదో ఒక సాకు. "జుట్టు రేగిపోతుందే." "నలుగురూ నవ్విపోతారే." అత్తగారైతే, "నెత్తిన కప్పుందని సంతోషించక తీసెయ్యమంటుందేంటమ్మా ఈ పిల్ల!" అని బుగ్గలు నొక్కుకునేది.

ఆ కార్లెక్కలేదని కాదు. ఎక్కేది, టాపు మూసి, నీళ్ళ పరీక్షకు. బయట అతను గొట్టంతో నీళ్ళు కొడుతుంటే, లోపల సుద్దముక్క పట్టుకుని ఎక్కడ కారుతోందో ఆమె గుర్తు పెట్టాలి. ఆ చప్పుడులో ఏడ్చినా ఎవరికీ వినపడదు. అమ్మ చనిపోయిన వారంలోనే పనిలో కూర్చోబెడితే, ఆ దుఃఖమంతా ఎవరిదో నీలం కారులో దింపుకుంది.

ఇవాళ ఎర్ర కారు, గుడ్డ టాపు, రెండే సీట్లు. పొద్దున్నే తల దువ్వి బిగించి ముడేసుకుని, "ఇవాళైనా..." అంది.

"ట్రయలుకు తమ్ముణ్ణి తీసుకెళ్తున్నానే. రేపు షెడ్డు చూసుకునేది వాడేగా. రెండే సీట్లాయె."

"పోనీ డిక్కీలో ఎక్కుతావా వదినా?" అన్నాడు మరిది.

అన్నదమ్ములు నవ్వారు. ఆమె కూడా నవ్వింది, అలవాటు చొప్పున.

తర్వాత సుద్దముక్క పట్టుకుని లోపల కూర్చుంది. టాపు మీద నీళ్ళు దబదబా పడుతున్నాయి. "ఎక్కడైనా కారుతోందా?" అని అతని కేక. ఒక్క చుక్క లేదు. తడిసింది ఆమె చెంపలే. తాళం తిప్పి, ముందున్న బొత్తాం నొక్కింది.

టాపు లేచి, మెల్లగా వెనక్కి మడుచుకుపోయింది. నీళ్ళు నెత్తిన పడ్డాయి. ఆమె తలెత్తి చూసింది. ఆకాశం లేదు. షెడ్డు రేకులున్నాయి, తుప్పు పట్టి.

"తడి టాపు మడుస్తావేంటే, పిచ్చెక్కిందా! కుళ్ళిపోదూ?"

ఆమె దిగింది. ముడి విప్పి జుట్టు పిండుకుంది. సుద్దముక్క అతని అరచేతిలో పెట్టింది.

"ఇకనుంచి లోపల నువ్వు కూర్చో" అని, ఎండలోకి నడిచింది.