బల్ల మీద రెండు పిట్టలు

కత్తెరాయనకి చేతిలో ఎంత పదునో నోట్లో అంత మొద్దు. సెలూన్లోకి ఎవరొచ్చి "నేనే ముందు" అన్నా కాదనలేడు. ఒకరోజు ముగ్గురికి ఒకేసారి తలూపాడు. ఆ ముగ్గురూ జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. తగవు తీరేసరికి కత్తిరించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. ముందు గది సెలూను, వెనక గది సంసారం కావడంతో ఆ మర్నాడే వరస చూసే పని అప్పగిద్దామని ఇంట్లో రామచిలకని పంజరంతో సహా తెచ్చి అద్దం పక్క అరమీద పెట్టాడు.

వారంలో అది పని పట్టేసింది. కత్తెరాయన ఒకడి మెడలో గుడ్డ విప్పి దులిపితే చాలు, "తర్వాత" అంటుంది. బల్ల మొదట్లో ఉన్నవాడు లేస్తాడు, మిగతావాళ్ళు తలా ఓ జానెడు జరుగుతారు. అది అనందే ఎవరూ లేవరు, అన్నాక ఎవరూ ఆగరు. పదకొండేళ్ళుగా ఆ బల్ల మీద వావి లేదు, వరసే ఉంది. మామైనా సరే అల్లుడి వెనకే. అందరూ దాన్ని మేనేజరు గారనే అంటారు.

ఇలా ఉండగా బావమరిది బదిలీ మీద పోతూ పోతూ రెండు లవ్‌బర్డ్స్‌ని అక్కకి అంటగట్టి పోయాడు. పక్షుల డాక్టరు చెప్పినట్టే వాటిని నెలరోజులు వెనక గదిలో విడిగా ఉంచారు. నెల నిండాక డాక్టరు ఇంకో మాట చెప్పాడట: ఉన్నపళాన పాతదాని ముందు దింపకండి, కొత్త మొహాలకి అది రోజూ ఎలా అలవాటు పడుతుందో అలాగే పడనివ్వండి.

కత్తెరాయనకి తెలిసిన దారి ఒక్కటే. పొద్దున్నే షట్టరెత్తి, పిట్టల పంజరాన్ని బల్ల మొదట్లో పెట్టాడు.

"మేనేజరు గారు పిలవగానే కలిసిపోతాయి," అన్నాడు భార్యతో.

"పిలవకపోతే?"

"పదకొండేళ్ళలో ఎవర్ని పిలవలేదే?"

పోస్టుమాన్ వచ్చి పిట్టల పక్కన కూర్చున్నాడు. అతని పక్కన బస్సు కండక్టరు, ఆ పక్కన లెక్కల మాస్టారు. కత్తెరాయన గుడ్డ దులిపాడు. చిలక పిట్టల్ని ఎగాదిగా చూసి, గోడవైపు తిరిగి కూర్చుంది. మళ్ళీ దులిపాడు. గుడ్డకున్న వెంట్రుకలన్నీ రాలాయి గానీ దాని నోట్లోంచి ముత్యం రాలలేదు.

ఇంకోచోటయితే పంజరం పక్కకి నెట్టి కుర్చీ ఎక్కేవాళ్ళు. వీళ్ళు ఆ బల్ల మీద పండిన తలలాయె. మనకంటే ముందొచ్చాయి కదండీ అన్నాడు పోస్టుమాన్. టికెట్ లేనివాణ్ణి దింపుతాను గానీ వరసలో ఉన్నవాణ్ణి దింపలేనన్నాడు కండక్టరు. ఇవాళ పిట్టని జరిపినవాడు రేపు మనిషిని జరుపుతాడని మాస్టారు తేల్చేశారు.

నాలుగు రోజులు గడిచాయి. రోజూ ఆ ముగ్గురూ వచ్చి, కూర్చుని, గడ్డాలు గోక్కుని వెళ్ళేవారు. పోస్టుమాన్‌ని తరిమే కుక్క ఇతనెవరో వేరే మనిషనుకుని తోక ఊపింది. మాస్టారిని బళ్ళో వాచ్‌మన్ ఆపేశాడు. నాలుగోరోజున కండక్టరు, పోస్టుమాన్ మోచేతుల దగ్గర మొదలై కాలర్ల దాకా వచ్చారు. మేనేజరు గారు నోరు మూసుకుంటే తను షాపు మూసుకోవడమే.

జామముక్కలు పెట్టాడు, దణ్ణం పెట్టాడు. చిలక రెండూ చూసి, ముక్కలు మాత్రం తీసుకుంది.

వెనక గది గుమ్మంలోంచి భార్య అంది: "ఇన్నేళ్ళూ ఊళ్ళో వాళ్ళందరినీ కుర్చీ ఎక్కించింది. దాన్ని ఒక్కసారైనా ఎక్కించారా మీరు? నిన్నగాక మొన్నొచ్చిన పిట్టల్ని దాని చేతే పిలిపిద్దామనుకున్నారు." అని వచ్చి చిలక పంజరం తలుపు తీసేసింది.

చిలక దిగింది. బల్ల పొడుగునా అందరినీ దాటుకుంటూ నడిచి, మాస్టారి తర్వాత, ఆఖర్న కూర్చుంది. అలవాటు కొద్దీ అందరూ ఓ జానెడు జరిగారు.

కత్తెరాయన గుడ్డ దులిపాడు.

"తర్వాత," అంది బల్ల చివర్నుంచి.

తొందర ఎప్పుడూ ఆఖర్న ఉన్నవాడిదే. పిట్టల పంజరం కుర్చీ ఎక్కింది. ఊరికే ఎక్కించి దింపితే మర్యాద కాదని కత్తెరాయన దానికి గుడ్డ చుట్టి, పొట్టిగానా పొడుగ్గానా అని అడిగి, గాల్లో పన్నెండుసార్లు కత్తెరాడించి, తీసి అరమీద పెట్టాడు.

"తర్వాత."

పోస్టుమాన్‌కి కుడిచెంప అయిందో లేదో మళ్ళీ "తర్వాత". పిలుపు పిలుపే. నురుగు చెంపతో లేచెళ్ళి బల్ల చివర చిలక వెనక కూర్చున్నాడు. కండక్టరుకి ఎడమచెంప మాత్రం అయింది. మాస్టారికి గుడ్డ కట్టడం వరకే వచ్చింది. వాళ్ళూ లేచెళ్ళి పోస్టుమాన్ వెనక కూర్చున్నారు.

చిలక కుర్చీ ఎక్కింది. కత్తెరాయన చిన్న బ్రష్షుతో నెత్తిమీద ఈకలు దువ్వాడు, మెడ కింద నిమిరాడు, గుడ్డ దులిపాడు. చిలక కళ్ళు మూసుకుంది. లేవలేదు. కుర్చీలో ఉన్నవాడు తనంతట తాను "తర్వాత" అని ఎందుకంటాడు?

బల్లంతా బిక్కమొహం వేసింది. నురుగు ఎండి పొలుసులుగా రాలుతోంది. అప్పుడు అరమీద పిట్టలు రెండూ గొంతు కలిపి కీచుమన్నాయి.

"అది పిలుపేనా?" అన్నాడు కండక్టరు.

"ఆఫీసు అరమీంచి వచ్చింది, పిలుపే," అన్నారు మాస్టారు.

చిలక ఒక కన్ను తెరిచి పిట్టల్ని చూసింది. చూసి, లేచింది. ఎగిరి అరమీదకి పోయి, వాటి పంజరం పక్కన ఓ జానెడు జరిగి కూర్చుంది.

అరుపులు రెండు కాబట్టి ఇద్దరు లేచారు. పోస్టుమాన్, కండక్టరు ఒకే కుర్చీలో చెరోవైపు ఇరుక్కుని కూర్చున్నారు. ఒకరికి ఎడమచెంప, ఒకరికి కుడిచెంప. కలిపితే ఒక్క గడ్డమే కదా, కానివ్వమన్నారు మాస్టారు. కత్తెరాయన ఇద్దరికీ కలిపి ఒకే గుడ్డ కట్టాడు.