రాగుల డ్రమ్ములో గొలుసు

'ఆరున్నర బండి' ఆఖరి భాగం ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు రావాలి. అది వందో భాగం. బుధవారం ఉదయానికి రామచంద్ర అందులో ఒక్క వాక్యం కూడా రాయలేదు.

'ఆరున్నర బండి' ఫోన్లో వినే సీరియల్. రాసేది ఇద్దరు. మదనపల్లెలో రామచంద్ర, పుంగనూరులో కుసుమ అనే స్కూలు టీచరు. చదివేది కుసుమ ఒక్కతే. కథలో కమలాక్షి కుప్పం దగ్గర పల్లె పిల్ల. రోజూ పొద్దున ఆరున్నర రైలెక్కి బెంగుళూరు పోయి గార్మెంట్స్‌లో పని చేస్తుంది. ఒకరోజు పోయింది, సాయంత్రం రాలేదు. రెండేళ్లుగా, వారానికొక భాగం, వినేవాళ్లు ఆమె కోసం ఎదురుచూస్తున్నారు.

టమోటా మార్కెట్ గేటు ముందు టీ అంగట్లో మండీ గుమాస్తా సాయిప్రసాద్ రామచంద్రకు జాగా ఇచ్చాడు.

"ఏం సారూ, మీ పిల్ల ఇంకా బెంగుళూర్లోనే ఉండాదా? మా టమోటా అయితే ఈపాటికి పోయి, కుళ్లి, మళ్లా మొలిసుండును."

"ఆదివారం తెలుస్తాది."

"చంపినావంటే మటుకు ఈడ నీకు టీ ఉండదు. నేను కాదు, అంగడాయన అంటాండాడు."

అంగడాయన గ్లాసులు కడుగుతూనే, "టీ ఇస్తా. చక్కెర వెయ్యను," అన్నాడు.

రామచంద్ర టీ తాగి లేచాడు. కమలాక్షి రాదని అతను ఎప్పుడో అనుకున్నాడు. కుప్పంలో ఇరవై రెండేళ్లు విలేకరిగా పనిచేశాడు. తప్పిపోయినవాళ్ల వార్తలు చాలా రాశాడు. తిరిగొచ్చారని రాసినవి తక్కువ. పిల్ల రావాలని కుసుమ పట్టు. నాలుగు రోజులుగా ఇద్దరికీ ఫోన్లో అదే వాదన.

ఇంటికి వచ్చేసరికి మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. ఒళ్లో చేతి సంచి. అతన్ని చూసి లేచింది.

"నన్ను గుర్తుపట్టినావా అప్పా? శాంతిపురం మునిరత్నమ్మను. మునీశ్వరి వాళ్లమ్మను."

గుర్తుపట్టాడు. తొమ్మిదేళ్ల కింద ఆమె భర్త దొరస్వామితో కలిసి పోలీసు స్టేషను బయట నిలబడితే, అతను నాలుగు లైన్ల వార్త రాశాడు. పందొమ్మిదేళ్ల పిల్ల, గార్మెంట్స్‌లో పని, ఆకుపచ్చ చుడీదారు, రెండు కాళ్లకు వెండి గొలుసులు. 'ఆరున్నర బండి' ఆ నాలుగు లైన్లలోంచే మొదలైంది. ఆ సంగతి అతను ఆమెకు చెప్పలేదు.

"నీ కథ అంతా విన్నాను," అంది మునిరత్నమ్మ. "మా బిడ్డదేనని మొదట్నే తెలిసింది. రాసుకోనీలే అనుకున్నా. అరవై ఒకటో భాగం విన్నాక నిద్ర పట్టల్యా. ఆదివారం దాకా ఆగలేక వచ్చినా. కథలో చెప్పొద్దు. నాకు చెప్పు. అది యాడుండాది?"

అరవై ఒకటో భాగంలో కమలాక్షి ఇల్లు వదిలేముందు ఒక కాలి గొలుసు తీసి రాగుల డ్రమ్ములో అడుగున దాచిపోతుంది.

మునిరత్నమ్మ సంచిలోంచి గుడ్డమూట తీసి విప్పింది. వెండి గొలుసు. ఒక్కటే.

"అది పోయిన మూడో రోజు మిల్లుకు రాగులు తీస్తాంటే దొరికింది. పోలీసులకు చెప్పల్యా. ఇష్టపడి పోయిందంటే వాళ్లు వెతకరు. మా ఆయనకూ చెప్పల్యా. నాకు తెలుసు, దానికి తెలుసు. అది చెప్పకుంటే నీకెట్ట తెలుస్తాది?"

రామచంద్ర గొలుసు వైపు చూశాడు. ఆ భాగం రాసింది తాను కాదని చెప్పాడు.

"రాసినోళ్ల దగ్గరికి పిల్సుకపో," అంది.

పుంగనూరు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. దారిలో ఒక్కసారే మాట్లాడింది. "అది చిక్కిపోయిందా?" అని అడిగింది. అతను తెలీదన్నాడు.

స్కూల్లో అన్నం గంట కొట్టారు. కుసుమ టిఫిన్ డబ్బాతో వరండాలోకి వచ్చింది. రామచంద్ర చెప్పింది విని, గొలుసు చూసి, డబ్బా కింద పెట్టింది. మిగతా టీచర్లు దగ్గర్లో లేరని చూసుకుని మునిరత్నమ్మ పక్కన కూర్చుంది.

"మీ బిడ్డను నేను చూడలేదమ్మా. అది నా కథ. పందొమ్మిదేళ్లప్పుడు మా అమ్మతో కొట్లాడి ఇల్లు వదిలి పోయినాను. ఒక గొలుసు బియ్యం డబ్బాలో పెట్టిపోయినా. పలమనేరు బస్టాండు దాకా పోయి, సాయంత్రానికి వచ్చేసినా. మా అమ్మకు ఇప్పటికీ తెలీదు."

"నువ్వు పెట్టింది బియ్యంలో గదా."

"కథలో ఇంట్లో రాగులు ఉండాయని మార్చినా."

"మరి ఒకటే యాల పెట్టినావు?"

"రెండూ వేసుకుని పోతే పోయినట్టే గదమ్మా. ఒకటి పెట్టిపోతే దానికోసమన్నా మళ్లా రావాల."

మునిరత్నమ్మ గొలుసును గుడ్డలో చుట్టి, మళ్లీ విప్పింది. పిల్లలు పళ్లేలు కడుక్కుని వస్తున్నారు. ఆమె వాళ్లు పోయేదాకా ఆగింది.

"ఆ పొద్దు నేనే అంటిని, పోతే మళ్లా రావద్దు అని. కోపంతో పోయిందనుకుంటిని. యాడో ఉండాది, కోపం తగ్గల్యా, అందుకే రాల్యా అనుకుంటా ఉంటిని." గొలుసును అరచేతిలోకి తీసుకుంది. "వచ్చేదానికే పెట్టిపోయింది. రాగలిగింటే వచ్చేదే."

కుసుమ ఆమె చెయ్యి పట్టుకుంది. గంట మళ్లీ కొట్టారు. కుసుమ లేవలేదు.

పలమనేరు బస్సు ఎక్కించేటప్పుడు మునిరత్నమ్మ మెట్టు మీద ఆగింది. "ఆదివారం ఆ పిల్లను ఏం చేస్తాండావు?"

"ఇంకా రాయలేదమ్మా."

"రానీప్పా. ఒకరన్నా రానీ."

ఆ సాయంత్రం రామచంద్ర కూర్చుని రాశాడు. మరుసటిరోజు కుసుమ చదివింది. ఇద్దరూ ఏమీ వాదించుకోలేదు.

శుక్రవారం దొరస్వామి ఫోన్ చేశాడు. "బిడ్డకు కర్మకార్యం చేద్దామని రెండేళ్ల నుంచి అడగతాండా సార్. మా ఆమె ఒప్పుకోల్యా. నిన్న ఒప్పుకునింది. ఆదివారం పెట్టినాము. నిన్ను రమ్మని చెప్పమనింది."

రామచంద్ర వెళ్లాడు. మునీశ్వరి ఫ్యాక్టరీ కార్డులోని ఫొటోను పెద్దది చేయించి పూలదండ వేశారు. ముందు ఆకులో సంగటి, చెనిక్కాయల పచ్చడి, పక్కన గొలుసు. దొరస్వామి ఆ గొలుసును అప్పుడే చూశాడు. చేతికి తీసుకుని, మళ్లీ అక్కడే పెట్టాడు. ఎక్కడిదని అడగలేదు.

సాయంత్రం ఏడవుతోంది. పక్కిళ్ల ఆడవాళ్లు ఇంకా వాకిట్లోనే ఉన్నారు. చేతుల్లో ఫోన్లు ఉన్నాయి, ఎవరూ తెరవలేదు. మునిరత్నమ్మ చూసింది.

"పెట్టండమ్మా. నా కోసరం ఆపొద్దు. ఆ పిల్ల వస్తాదిలే."

"నీకెట్ట తెలుసక్కా?"

"అడిగినా."

ఒకామె పెట్టింది. అందరూ దగ్గరకు జరిగారు. కుసుమ గొంతు వినిపించింది. కమలాక్షి చెప్పులు బయట విడిచింది. ఎవరినీ పిలవలేదు. డ్రమ్ము మూత తీసి, రాగుల్లో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. వింటున్నవాళ్లలో ఒకామె ఏడుస్తూనే నవ్వి, "దొంగముండ, రెండేళ్లు ఏడిపించింది," అంది.

మునిరత్నమ్మ లేచి లోపలికి పోయింది.

ఇంట్లోంచి డ్రమ్ము మూత చప్పుడు వచ్చింది. అది ఫోన్లోంచి కాదు; కథలో కుసుమ ఏ చప్పుడూ పెట్టలేదు.

ఆమె బయటికి వచ్చినప్పుడు కుడిచేతికి మోచేతి దాకా రాగుల దుమ్ము ఉంది. ఫొటో ముందు గొలుసు లేదు.

"అన్నం తిన్నావా అప్పా?" అని రామచంద్రను అడిగింది.